రిగ్రెట్: ఒక అర్థ నిర్ణయం

ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే ‘రిగ్రెట్’ అనే మాటకు విచారించడం, చింతించడం, పశ్చాత్తాపపడడం అనే అర్థాలే కనిపిస్తాయి గనుక, దాన్ని నమ్ముకుని సంక్రాంతికి సికింద్రాబాదు నుంచి కాకినాడ బయలుదేరదలచినవారు మోసపోతారని మనవి చేస్తున్నాను. రైల్వే పరిభాషలో ఆ మాటకు అర్థం ఒక్కటే: లేదు. బెర్తు లేదు, ఆర్‌ఏసీ (ఒకే బెర్తును ఇద్దరు పంచుకుని కూర్చునే చోటు) లేదు, వెయిటింగ్ లిస్టుకు పెట్టుకున్న హద్దు కూడా నిండిపోయింది కాబట్టి మీ డబ్బు పుచ్చుకుని మిమ్మల్ని ఆశపెట్టే వెసులుబాటు సైతం లేదు.

ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు కుదించారు కనుక, జనవరి 12 రాత్రి రైలెక్కదలచినవారు నవంబరు 13 ఉదయం 8 గంటలకు ఫోను పట్టుకుని కూర్చోవాలి. కూకట్‌పల్లిలో అద్దెకుంటున్న గోదావరి జిల్లా మనిషి ఆ వేళకు స్నానం ముగించి, భార్యాపిల్లల పేర్లూ వయసులూ టికెట్ల యాప్‌లోని మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించి, కాఫీ చల్లారుతున్నా ముట్టకుండా తెర మీద గిరగిరా తిరిగే చక్రాన్నే చూస్తుంటాడు. చక్రం ఆగేసరికి కాకినాడ వెళ్ళే గౌతమి ఎక్స్‌ప్రెస్ పేరు ఎదురుగా ఆ ఆరక్షరాల మాట వెలసి ఉంటుంది. “గౌతమి రిగ్రెట్ అయిపోయిందే” అని ఆయన వంటింటి వైపు కేక వేస్తాడు.

ఇక్కడి వ్యాకరణం గమనించదగినది. ఉద్యోగం ఇవ్వని కంపెనీ రాసే ‘వి రిగ్రెట్ టు ఇన్ఫార్మ్ యు’ ఉత్తరంలో ‘వి’ అనే కర్త కనీసం నామమాత్రంగానైనా ఉంటాడు. టికెట్ల తెర మీద ఆ కర్త కూడా లోపించి క్రియ ఒంటరిగా మిగిలింది. మనవాళ్ళు దాన్ని క్రియగానైనా ఉండనివ్వక, ‘ఫుల్’, ‘క్యాన్సిల్’ సరసన చేర్చి రైలుకు తగిలించారు. కాబట్టి విచారపడుతున్నది రైలేనని తేలుతోంది.

ఈ మాటను తెలుగు చేయరాదా అని భాషాభిమానులు అడగవచ్చు. మన క్రియ కర్తను దాచనివ్వదు, అదీ ఇబ్బంది. ‘చింతిస్తున్నాము’ అనగానే చివరనున్న ‘ము’ మనిషిని పట్టిచ్చేస్తుంది. (రైలు ఆలస్యమైనప్పుడల్లా ప్లాట్‌ఫారం మైకులో ఆ మాట వింటూనే ఉంటాం గాని, అది రికార్డు చేసిన గొంతు కనుక ఎంత చింతించినా బొంగురుపోదు.) ‘విచారిస్తున్నాము’ అందామా అంటే, విచారమంటే దుఃఖమూ అవుతుంది, ఆరా తీయడమూ అవుతుంది. స్టేషనులో ‘విచారణ’ అని రాసిన కిటికీకి ఇవతల నిలబడ్డవారు రెండూ ఏకకాలంలో చేస్తుంటారు.

వ్యుత్పత్తి చూస్తే, పాత ఫ్రెంచిలో ఈ మాటకు పోయినవారిని తలచుకుని ఏడవడమనే అర్థం ఉండేది. వెయిటింగ్ లిస్టుకూ రిగ్రెట్‌కూ ఉన్న భేదం ఇది తెలిశాకే బోధపడుతుంది. వెయిటింగ్ అంటే ప్రాణం ఇంకా కొట్టుకుంటున్నట్టు. రెండు నెలల పాటు పీఎన్ఆర్ నాడి చూసుకుంటూ గడిపి, చార్టు తయారయ్యాక కూడా బెర్తు రాకపోతే తలకు 60 రూపాయలూ ఆపైన పన్నూ కోయించుకుని మిగతాది తీసుకోవాలి. రిగ్రెట్‌లో ఈ ఖర్చేమీ లేదు. ఆ లెక్కన ఇంత చవకగా, ఇంత త్వరగా కాదనే మాట మన ఆఫీసుల్లో మరొకటి లేదని ఒప్పుకోవాలి. ‘రేపు రండి’, ‘ఫైలు పైకి పంపాం’, ‘చూద్దాం’ అన్నవీ తిరస్కారాలే అయినా, వాటికి ప్రతిసారీ ఆటో చార్జీలు అవుతాయి.

కాకినాడ నుంచి తల్లి ఫోను చేసి “రిగ్రెట్ అంటే ఏంట్రా?” అని అడిగితే, “మనకోసం బాధపడుతున్నారమ్మా” అని నిఘంటువు ప్రకారం జవాబు చెప్పే కొడుకు ఇంకా పుట్టలేదు. “టికెట్లు లేవమ్మా, బస్సు చూస్తాను” అంటాడు. ప్రైవేటు బస్సుల పండగ ధరలు చూశాక మాత్రం, చల్లారిన కాఫీ చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడడు.