కెర్నల్ సన్నబడాలంటే 2.6కే పోవాలా?

"లినక్స్ బాగా లావెక్కింది, చిన్న పరికరాలకు పాత 2.6 కెర్నలే గతి" అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, 2.6 దాని పాత వెర్షన్. పంపినవాళ్లలో రోజూ చిన్న సర్క్యూట్ బోర్డులతో కుస్తీ పట్టేవాళ్లు కూడా ఉన్నారు, నా చిరాకంతా అందుకే.

"సోర్సే 4 కోట్ల లైన్లు, 8 ఎంబీ ఫ్లాష్‌లో ఎలా పడుతుంది?" అట (ఫ్లాష్ అంటే పరికరంలోని స్టోరేజ్). అందులో సింహభాగం మీ బోర్డు మీద లేని హార్డ్‌వేర్‌కు డ్రైవర్లు. కాన్ఫిగ్‌లో, అంటే బిల్డ్ సెట్టింగ్‌లలో, ఎంచుకోనిది కంపైలే కాదు. అతి చిన్న కెర్నల్‌కు సెట్టింగ్‌లు ఇచ్చే మేక్ టైనీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి చూడండి, చాలు.

"అన్నీ మాడ్యూల్స్ చేసేయండి." అంటే అవసరమైనప్పుడు లోడయ్యే విడి ముక్కలుగా. బూట్ కాగానే ఎలాగూ లోడయ్యే డ్రైవర్‌ను మాడ్యూల్ చేస్తే ఆదా అయ్యేది ఏమీ లేదు.

"ఎక్స్‌జెడ్‌తో కంప్రెస్ చేస్తే ర్యామ్ ఆదా." ఆదా అయ్యేది ఫ్లాష్. బూట్‌లో విప్పాక కెర్నల్ మొత్తం ర్యామ్‌లోనే కూర్చుంటుంది. ర్యామే ముఖ్యమైతే ఎక్స్‌ఐపీ ఉంది, కోడ్ నేరుగా నార్ రకం ఫ్లాష్ నుంచే నడుస్తుంది. కానీ అప్పుడు ఆ కోడ్‌ను కంప్రెస్ చేయడం కుదరదు. రెండూ ఒకేసారి కావాలంటే ఎలా?

ఇక అసలు ప్రమాదం, 2.6 సలహా. డర్టీ కౌ గుర్తుందా? 2007లో వచ్చిన 2.6.22 నుంచీ ఉన్న కెర్నల్ భద్రతా లోపం, 2016 అక్టోబరులో బయటపడింది. ఎక్కువకాలం మద్దతు దక్కిన 2.6.32కు కెర్నల్ అధికారిక సైట్ కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి చివరి విడుదల అదే ఏడాది మార్చిలో. అంటే అక్కడి 2.6లో దేనికీ ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ రాలేదు. వెబ్ సర్వర్ లోపంతో మామూలు యూజర్‌గా లోపలికి దూరినవాడు దీంతో రూట్, అంటే సర్వాధికారాలున్న యూజర్, అయిపోతాడు. "మా కెమెరాలో అన్నీ రూట్‌గానే నడుస్తాయి కదా" అంటారేమో. శభాష్, దొంగకు ఆ శ్రమ కూడా లేకుండా చేశారు! కొన్ని వందల కేబీల కోసం ఆ తర్వాతి భద్రతా ప్యాచ్‌లన్నీ వదులుకోమని సలహా ఇచ్చేవాళ్లు, ఆ కెమెరా ముందు వాళ్ల ఇంట్లో పెట్టుకోవాలి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అవే ఆప్షన్లు పెట్టినా కొత్త కెర్నల్ పాతదానికన్నా పెద్దగానే వస్తుంది. చిన్న మెమరీ కోసమే ఉన్న స్లాబ్-ఓ అలొకేటర్‌ను (మెమరీ పంచిపెట్టే భాగం) కెర్నల్ 6.4లో తీసేశారు, బదులుగా స్లబ్ టైనీ ఇచ్చారు. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ రూటర్లను, రూటర్ల కోసం ఉన్న లినక్స్ అయిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, 19.07 వెర్షన్‌తో సాగనంపింది. అలాంటి రూటర్ ఉన్నవాళ్ల కోపం న్యాయమే. వాళ్లు రూటర్ మార్చుకోవాలి, కెర్నల్‌ను వెనక్కి తిప్పకూడదు. మిగతావాళ్లు రెండు బిల్డ్‌ల సైజు పోల్చే బ్లోట్-ఓ-మీటర్ స్క్రిప్ట్ నడిపి, ఏ ఫంక్షన్ ఎంత పెరిగిందో చూసి, ఆ జాబితా ఫార్వర్డ్ చేయండి.