నిజం చెప్పిన నర్సుకు మెమోనా?

సెలైన్ మార్చిన సమయం కేస్ షీటులో రాయలేదని ఒకరికి, జ్వరం చార్టులో సంతకం మరచిపోయారని ఇంకొకరికి, రాత్రి పది గంటలకు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ పదకొండు గంటలకు ఇచ్చారని మరొకరికి మెమోలు. గోదావరి డెల్టా ఆసుపత్రుల్లో, అవి ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, నర్సులకు ఇలాంటి తాఖీదులు అందడం రివాజుగా మారింది. రోగికి వీసమెత్తు హాని జరగని పొరపాట్లు ఇవి. వీటిని బయటపెట్టేది కూడా చాలాసార్లు అధికారుల తనిఖీ కాదు, పొద్దున్న డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ నర్సు తనంతట తాను చెప్పిన మాటే. ఆ మాటనే ఆమెపై అభియోగంగా మార్చి, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలంటూ కాగితం చేతికివ్వడాన్ని మేము తీవ్రంగా గర్హిస్తున్నాం.

మందు పేరులో ఒక్క అక్షరం, మోతాదులో ఒక్క చుక్క తేడా వచ్చినా ప్రాణం పోవచ్చు కనుక క్రమశిక్షణ తప్పదని ఆసుపత్రుల యాజమాన్యాలు, అధికారులు అంటారు. కాదనలేం. తెలిసి తెలిసి నిర్లక్ష్యం చేసినవారిని, చేయని పనిని చేసినట్లు రాసినవారిని ఉపేక్షించమని ఎవరూ అడగడం లేదు. దాచినవారికీ చెప్పినవారికీ తేడా లేకుండా పోవడమే మా అభ్యంతరం. ఇంకా సూటిగా చెప్పాలంటే, దాచినవారు క్షేమంగా ఉంటున్నారు, చెప్పినవారే దొరికిపోతున్నారు.

దీని పర్యవసానం ఎక్కడికి దారితీస్తుందో మెమోల మీద సంతకాలు చేసేవారు ఆలోచించినట్లు కనిపించదు. ఒకే సైజు, ఒకే రంగు గాజుతో ఉన్న రెండు రకాల ఇంజెక్షన్ మందుల ఆంప్యూల్స్ పక్కపక్కనే ఒకే ట్రేలో ఉన్నాయనుకుందాం. అర్ధరాత్రి దాటాక ఒక నర్సు పొరపాటున రెండోదాన్ని చేతిలోకి తీసుకుని, సిరంజిలోకి ఎక్కించబోయే ముందు లేబుల్ చూసి ఆగిపోయింది. రోగికి ఏమీ కాలేదు. ఆ సంగతి ఆమె పొద్దున్న హెడ్ నర్సుకు చెబితే ఆ రెండు మందులనూ వేర్వేరు అరల్లో పెడతారు, ఆ ప్రమాదం అంతటితో తొలగిపోతుంది. కానీ పోయిన వారం సంతకం మరచిన సంగతి చెప్పి మెమో తెచ్చుకున్న సహోద్యోగిని చూసిన ఆమె నోరు విప్పుతుందా? విప్పదు. ట్రే అలాగే ఉంటుంది. ఇంకో రాత్రి ఇంకో నర్సు అదే ఆంప్యూల్ తీస్తుంది, ఈసారి లేబుల్ చూడకపోవచ్చు.

వరద రోజుల్లో గోదావరి గట్టు మీద కాపలా కాసే లస్కరు బుంగ పడిందని కేకవేస్తే, ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తుతుంది. నువ్వు కాపలా ఉండగా బుంగ ఎలా పడిందని అతడికే నోటీసు ఇస్తే, మరుసటి వరదకు ఏ లస్కరూ కేకవేయడు. ఈ సంగతి డెల్టాలో పుట్టి పెరిగినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రి వార్డులో మాత్రం మన అధికారులు సరిగ్గా ఆ పనే చేస్తున్నారు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల అమెరికా ఆసుపత్రుల్లో ఏటా 44 వేల నుంచి 98 వేల మంది మరణిస్తున్నారని 1999లో ఆ దేశపు వైద్య నిపుణుల సంస్థ ఒక నివేదికలో అంచనా వేసింది. వాటిలో అత్యధికం వ్యక్తుల అలక్ష్యం వల్ల కాక, పని జరిగే ఏర్పాటులోని లోపాల వల్లే జరుగుతున్నాయని కూడా అదే నివేదిక తేల్చింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ సైతం 2018 నుంచి 2025 వరకు అమలు చేయాల్సిన జాతీయ రోగి భద్రతా ప్రణాళికలో, ఇలాంటి ఘటనలను నమోదు చేసి వాటి నుంచి నేర్చుకునే ఏర్పాటు ఉండాలని రాసుకుంది. రాసుకున్నది ఢిల్లీలో ఉండిపోయింది, వార్డుకు వచ్చింది మెమో.

ఇక పని భారం సంగతి. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు చొప్పున నర్సులు ఉండాలని, సెలవుల కోసం మరో 30 శాతం మంది అదనంగా ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు చెబుతున్నాయి. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల ప్రజలు ఎన్ని అవస్థలు పడ్డారో ఈ జిల్లాలు మరచిపోలేదు. అంతటి వరద రాకపోయినా, ఏటా వానాకాలంలో పాము కాటు కేసులు, విషజ్వరాలు, ప్రసవానికి వచ్చినవారు ఒకేసారి మీద పడే రాత్రులు ఉంటాయి. అలాంటి రాత్రి వార్డంతటినీ ఇద్దరు నర్సులు చూసుకుంటూ, సెలైన్లు ఎక్కించి, అటెండెంట్ల కేకలకు జవాబిచ్చి, రిజిస్టర్లు నింపి, అదే సమాచారాన్ని మళ్లీ కంప్యూటరులో ఎక్కించాలంటే, ఎక్కడో ఒక సంతకం మిగిలిపోతుంది. ఆ సంతకం లేనందుకు నర్సు జవాబు చెప్పుకోవాలి. ఖాళీ పోస్టును నింపనందుకు ఎవరూ జవాబు చెప్పుకోనక్కరలేదు.

మెమో అంటే వట్టి కాగితమే కదా అనేవారు దాన్ని అందుకున్నవారిని అడగాలి. రెగ్యులర్ ఉద్యోగికైతే 1991 నాటి రాష్ట్ర సివిల్ సర్వీసుల నిబంధనల కింద అభిశంసన నుంచి ఇంక్రిమెంట్ నిలుపుదల దాకా అది దారితీయవచ్చు, అయితే చిన్న శిక్షకైనా ముందు వివరణ తీసుకోవాలన్న రక్షణ ఆమెకు ఉంది. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సుకు ఆ పాటి రక్షణ కూడా లేదు, రెన్యువల్ నాటికి ఫైలులో ఉన్న ఆ ఒక్క కాగితమే ఆమె ఉద్యోగాన్ని తేల్చేస్తుంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో జీతంలో కోత, అనుభవ ధ్రువపత్రం ఇవ్వబోమన్న బెదిరింపు. ప్రైవేటు నర్సుల జీతాలు, పని పరిస్థితులపై నిపుణుల సంఘాన్ని వేయాలని 2016లో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చిందంటేనే వారి దుస్థితి తెలుస్తుంది. ఇంతటి భయం నెత్తిన పెట్టుకున్న మనిషి నిజం చెప్పాలని ఆశించడం అన్యాయం.

హాని జరగని పొరపాటును తానుగా చెప్పిన నర్సుపై ఎలాంటి చర్యా ఉండదని కాకినాడ నుంచి ఏలూరు దాకా ప్రతి జిల్లాలోనూ లిఖితపూర్వక ఉత్తర్వు రావాలి. ఇప్పటికే ఇలా ఇచ్చిన మెమోలను ఉపసంహరించుకోవాలి. ఇకపై తప్పనిసరిగా మెమో ఇవ్వాల్సి వస్తే, ఆ రాత్రి ఆ వార్డులో ఎందరు రోగులున్నారో, ఎందరు నర్సులున్నారో, ఉండాల్సినవారు ఎందరో ఆ మెమోలోనే మొదటి వాక్యంగా రాయాలి. సూపరింటెండెంటు గారికి, యాజమాన్యానికి ఆ అంకెలు రాసే ధైర్యం లేకపోతే, సంజాయిషీ అడిగే అర్హత కూడా లేదు. ముందు ఆ ఖాళీలకు సంజాయిషీ మీరివ్వండి.