ఈసారికి అన్నారు, ఎప్పటికీ చేశారు

కరోనా పోయి ఎన్నాళ్ళయింది? బడులు తెరిచారు, సంతలు తెరిచారు, ఒడిశాలోని మా రాయగడలో మజ్జిగౌరి అమ్మవారి చైత్ర జాతరలో కాలు పెట్టే చోటుండడం లేదు. ఎన్నికలొస్తే సభలకు జనాన్ని లారీల్లో తోలుతూనే ఉన్నారు. కంపెనీల వాటాదారులు మాత్రం ఏడాదికి ఒక్కసారి కూడా ఒకచోట కూర్చోనక్కర్లేదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ తేల్చేసింది. 2025 సెప్టెంబరు 22న వచ్చిన సర్క్యులర్ ప్రకారం వార్షిక సర్వసభ్య సమావేశాన్ని వీడియోలోనే జరిపేసుకోవచ్చు. ఎప్పటిదాకా? తదుపరి ఉత్తర్వుల దాకా. అంటే గడువే లేదు.

2020 మే 5న ఈ వెసులుబాటు మొదటిసారి ఇచ్చినప్పుడు ఆ ఒక్క క్యాలెండరు సంవత్సరానికే అన్నారు. మనుషులు ఊపిరాడక చచ్చిపోతున్న రోజులవి. అప్పుడు ఎవరూ తప్పు పట్టలేదు, మేమూ పట్టలేదు. 2021లో మళ్ళీ ఈసారికి అన్నారు. 2022లోనూ ఈసారికే. తర్వాత 2023 సెప్టెంబరు దాకా, ఆ పైన 2024 సెప్టెంబరు దాకా, ఇంకోసారి 2025 సెప్టెంబరు దాకా. ఇప్పుడు ఆ గడువు కూడా తీసేశారు. సభ రిజిస్టర్డు ఆఫీసులో గానీ, అదే ఊళ్ళో మరోచోట గానీ జరగాలని 2013 కంపెనీల చట్టం 96వ సెక్షన్ చెబుతోంది. ఈ సర్క్యులర్ వచ్చేనాటికి ఆ సెక్షన్ పుస్తకంలో అలాగే ఉంది. పార్లమెంటు దాన్ని మార్చలేదు. ఒక సర్క్యులర్ మీద ఇంకో సర్క్యులర్ వేసి పార్లమెంటు రాసిన మాటను పక్కన పెట్టేశారు. మా అభ్యంతరం వీడియో మీద కాదు, ఈ పద్ధతి మీద.

దూరాభారం తగ్గింది కదా, ఎక్కడున్నవాళ్ళైనా ఫోన్లోనే సభ చూడొచ్చు కదా అని కంపెనీలు అంటున్నాయి. చూడొచ్చు, కాదనం. చూడడం వేరు, సభలో ఉండడం వేరు.

మన ప్రాంతం సంగతే తీసుకుందాం. జేకేపూర్ కాగితం మిల్లు, థేరుబలి ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ, దమన్‌జోడిలో ప్రభుత్వ అల్యూమినియం సంస్థ నాల్కో, టికిరి దగ్గర ఉత్కల్ అల్యూమినా, పక్క జిల్లాలో లాంజిగఢ్ రిఫైనరీ. వీటిలో ప్రతి ఒక్కటీ స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీదో, అలాంటి కంపెనీ చేతిలో ఉన్నదో. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఎన్నో కుటుంబాలు ఈ చిమ్నీల నీడనే బతికాయి. తండ్రి రిటైరయ్యాడు, కొడుకు కాంట్రాక్టు కార్మికుడయ్యాడు. ట్రంకు పెట్టెల్లో పాత షేరు కాగితాలు ఇంకా ఉన్న ఇళ్ళున్నాయి. ఆ కాగితాలు పట్టుకుని, వీటినేం చెయ్యాలి బాబూ అని మా ఆఫీసు మెట్లెక్కే పెద్దవాళ్ళూ ఉన్నారు.

అలాంటి ఒక పెద్దామె సంగతి ఆలోచించండి. భర్త పోయాడు, షేర్లు ఆమె పేరు మీదికి వచ్చాయి. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఈమెయిల్ లేదు. ఈమెయిల్ నమోదు చేయని వాళ్ళకు ఇప్పుడు వార్షిక నివేదిక పుస్తకం ఇంటికి రాదు. ఆ నివేదిక ఏ వెబ్ లింకులో దొరుకుతుందో చెప్పే ఉత్తరం వస్తుంది. సభ ప్రకటన స్థానిక భాషా పత్రికలో వెయ్యాలని రూల్ ఉంది, నిజమే. ఏ స్థానికం? రిజిస్టర్డు ఆఫీసు ఉన్న జిల్లా స్థానికం. జేకేపూర్ మిల్లు రాయగడ పక్కనే ఉంది, ఆ కంపెనీ రిజిస్టర్డు ఆఫీసు గుజరాత్‌లో ఉంది. లాంజిగఢ్ కంపెనీది ముంబై. ముంబైకి మరాఠీ, గుజరాత్‌కు గుజరాతీ. పొగ పీల్చేది ఒడియా, తెలుగు, ఆదివాసుల కువి మాట్లాడేవాళ్ళు. ప్రకటన వాళ్ళకు అర్థం కాని భాషలో పడినా రూలు పాటించినట్టే లెక్క.

ఇంతకు ముందు ఆమెకు ఒక్క దారి ఉండేది. చట్టంలో 105వ సెక్షన్ కింద తన బదులు ఇంకొకరిని సభకు పంపొచ్చు. దాన్నే ప్రాక్సీ అంటారు. ముంబైలో ఉద్యోగం చేసే మేనల్లుడో, భువనేశ్వర్‌లో చదువుకునే మనవడో వెళ్ళి ఆమె పేరున ఓటు వేసి వచ్చేవాడు. వీడియో సభల్లో ప్రాక్సీ లేదు. 2020 సర్క్యులర్లే తీసేశాయి. అప్పుడది తాత్కాలికం కాబట్టి సర్దుకుపోయారు. ఇప్పుడు సభ శాశ్వతంగా వీడియోకు మారితే ఆమె ప్రాక్సీ హక్కు కూడా శాశ్వతంగా పోయినట్టే. చట్టం ఇచ్చిన హక్కును తీసేసే అధికారం సర్క్యులర్‌కు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నకు శాఖ జవాబు చెప్పాలి.

సభలో మాట్లాడాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఎవరిని పిలవాలి, ఎవరికి ఎన్ని నిమిషాలివ్వాలి, ఎవరి మైకు ఎప్పుడు ఆపాలి అన్నది కంపెనీ చేతిలో ఉంటుంది. పైగా ఇంటి నుంచే ఆన్‌లైన్లో ఓటు వేసే రిమోట్ ఈ-ఓటింగ్ సభకు ముందురోజు సాయంత్రం 5 గంటలకే ముగుస్తుంది. చర్చ జరిగే సమయానికి ఓట్లలో ఎక్కువ భాగం పడిపోయి ఉంటాయి. హాల్లో సభ జరిగితే ఒకడు లేచి అడిగిన ప్రశ్నకు పక్కనున్నవాడు తలూపుతాడు. వెనక వరసలోంచి ఇంకొకడు, దానికి జవాబు చెప్పండి అంటాడు. ఛైర్మన్ నీళ్ళు నమిలితే పదిమందీ చూస్తారు. స్క్రీన్ మీద ఎవరి గది వాళ్ళది. పక్క వాటాదారు ముఖం కూడా కనబడదు.

ఎదురెదురుగా కూర్చుంటే ఏమవుతుందో రాయగడ జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద, బాక్సైట్ గనికి నియమగిరి కొండ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి, దాని చుట్టూ 12 ఊళ్ళలో గ్రామసభలు జరిగాయి. ఏడు రాయగడ జిల్లాలో, ఐదు కలహండిలో. జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిశాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదురుగా కూర్చుంటే, ఆ కొండ ఆదివాసులు డోంగ్రియా కంధలు తమ భాషలో లేచి నిలబడి కొండ ఇవ్వం అన్నారు. పన్నెండుకి పన్నెండు ఊళ్ళూ అదే మాట. ముందే పేరు నమోదు చేసుకున్న వాళ్ళకే రెండేసి నిమిషాలంటే ఆ మాట బయటికొచ్చేదా? గ్రామసభ వేరు, కంపెనీ సభ వేరు, మాకు తెలుసు. డబ్బున్నవాడు నోరులేనివాడి ఎదుట కూర్చుని జవాబు చెప్పడం రెండింటికీ మూలం.

ఇది ఒక్క సర్క్యులర్‌తో ఆగే సంగతైతే మేమింత రాసేవాళ్ళం కాదు. ఈసారికి అంటూ మొదలైనవన్నీ ఇలాగే ముగుస్తున్నాయి. ఛైర్మన్ పదవీ మేనేజింగ్ డైరెక్టర్ పదవీ ఒకే మనిషి చేతిలో ఉండకూడదని 2017లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ వేసిన ఉదయ్ కోటక్ కమిటీ చెప్పింది. 2020 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు 500 దీన్ని పాటించి తీరాలని సెబీ 2018లో నియమం చేసింది. కంపెనీలు గునిశాయి, గడువు 2022 ఏప్రిల్‌కు జరిగింది. ఆ గడువు ఇంకా రాకముందే, 2022 ఫిబ్రవరి 15న, ఇష్టముంటే పాటించండి అనేశారు. కారణం ఏం చెప్పారు? పాటించిన కంపెనీలు 2019 సెప్టెంబరులో 50.4 శాతం ఉంటే 2021 చివరికి 54 శాతమే అయ్యాయట. చెప్పిన మాట వినని వాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నియమాన్నే తీసేశారు! రేపు ఇంకే నియమానికైనా కంపెనీలు ఇదే పాఠం వాడుకుంటాయి. కదలకుండా కూర్చుంటే చాలు, గడువు దానంతటదే కరిగిపోతుంది.

ఆ 2025 సెప్టెంబరులోనే ఇంకొకటీ జరిగింది. ప్రమోటర్లు, అంటే కంపెనీని పెట్టి నడిపించేవాళ్ళు, తమ సొంత సంస్థలతో కంపెనీ చేత చేయించే బేరాలకు ఒక పరిమితి దాటితే వాటాదారుల ఆమోదం కావాలి. అప్పటిదాకా ఆ పరిమితి 1,000 కోట్లు, లేదా టర్నోవర్లో పది శాతం, ఏది తక్కువైతే అదిగా ఉండేది. బాగా పెద్ద కంపెనీలకు దాన్ని 5,000 కోట్ల దాకా పెంచడానికి సెబీ బోర్డు 12వ తేదీన ఒప్పుకుంది. అంటే పెద్ద కంపెనీల్లో చిన్న వాటాదారు ముందుకు వచ్చే బేరాలు తగ్గుతాయి. వచ్చేవి కూడా స్క్రీన్ మీదే వస్తాయి.

ఈ మాట తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు కూర్చుని, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. ఆ బోర్డులో పేరున్న ప్రొఫెసర్లున్నారు, మాజీ క్యాబినెట్ కార్యదర్శి ఉన్నారు. అందరూ సరే అన్నారు. ఆ బేరాన్ని గంటల్లో ఆపించింది బోర్డు కాదు, బయట వాటాదారులు చేసిన గోల. మూడు వారాలకు, 2009 జనవరి 7న, అసలు లెక్కలే దొంగవని రాజు ఉత్తరం రాశాడు. ఒక్కరోజులో షేరు విలువలో ముప్పాతిక వంతుకు పైగా పోయింది. కూతురి పెళ్ళికని సత్యం షేర్లు దాచుకున్న కుటుంబాలు హైదరాబాద్‌లోనే కాదు, జయపురంలోనూ బరంపురంలోనూ ఉన్నాయి. ఆ దెబ్బ తర్వాతే 2013 చట్టం వచ్చింది, యజమానులతో సంబంధం లేని బోర్డు సభ్యులకు, అంటే స్వతంత్ర డైరెక్టర్లకు, బాధ్యతలు పెరిగాయి. ఆ గోల చెయ్యగలిగే చోటునే ఇప్పుడు మూస్తున్నారు.

కంపెనీలకు నీతి చెప్పాల్సిన ప్రభుత్వమే తన కంపెనీల్లో నియమాలు పాటించడం లేదు. స్వతంత్ర డైరెక్టర్లు సరిపడా లేరని ఇండియన్ ఆయిల్, ఓఎన్జీసీ, గెయిల్ లాంటి సంస్థలకు స్టాక్ ఎక్స్ఛేంజీలు పలుమార్లు జరిమానా వేశాయి. నియామకం ప్రభుత్వం చేతిలో ఉంది, మేమేం చెయ్యగలం అని ఆ సంస్థలు జవాబిచ్చాయి. అది నిజమే కూడా. వాటాల్లో పాతిక శాతం ప్రజల చేతిలో ఉండాలన్న నియమం నుంచి తాను కోరిన ప్రభుత్వ రంగ కంపెనీని తప్పించే వీలును కేంద్రం 2021లో తనకు తానే రాసుకుంది. దమన్‌జోడి నాల్కోలో సగానికి పైగా వాటా కేంద్రానిదే. ఇలాంటి యజమాని పక్క కంపెనీని ఏ ముఖంతో మందలిస్తాడు?

మేము వీడియో ఆపమనడం లేదు. హాలూ ఉండాలి, వీడియో కూడా ఉండాలి. ప్రాక్సీ హక్కు వెంటనే తిరిగి ఇవ్వాలి. ఫ్యాక్టరీ ఉన్న జిల్లా భాషల్లో నోటీసు వెయ్యాలి, రాయగడలో అంటే ఒడియాతో పాటు తెలుగులోనూ. సభను పూర్తిగా వీడియోకే మార్చాలనుకుంటే బిల్లు పెట్టి పార్లమెంటులో అడగండి. ఇక ఈ ప్రాంతంలో ఫ్యాక్టరీలున్న కంపెనీల డైరెక్టర్లకు ఒక మాట. మీ మిల్లుకు వెదురు మా అడవుల నుంచి వచ్చింది, మీ ఖనిజం మా కొండల నుంచి వచ్చింది, నీళ్ళు మా నదులు ఇచ్చాయి. సర్క్యులర్ వీడియోకు వీలిచ్చింది గానీ హాలు వద్దనలేదు. వాటాదారుల ఎదుట ఏడాదికొక పూట కూర్చోవడానికి మీకు తీరికలేదంటే మేము నమ్మం. కూర్చోవడం మీకు ఇష్టం లేదు, అంతే. రాయగడలో కల్యాణ మండపాలకు కొదవలేదు. వచ్చే ఏడాది ఒకటి అద్దెకు తీసుకోండి, తెలుగూ ఒడియా వచ్చిన మనిషిని ఒకణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, ట్రంకు పెట్టెలోంచి కాగితాలు తీసుకొచ్చే ఆ పెద్దామె అడిగేదానికి ఆమె ముఖం చూసి జవాబు చెప్పండి.