అభిప్రాయం వేరు, అంగీకారం వేరు

గత వేసవిలో గుంటూరు వెళ్లినప్పుడు బ్రాడీపేటలో మా బాబాయి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నలభై ఏళ్లు ప్లీడరుగా పనిచేసిన మనిషి. "మీ అమెరికాలో కాంగ్రెస్ తలచుకుంటే ఒక రాష్ట్రాన్ని రెండు చేసెయ్యగలదా అబ్బాయీ?" అని అడిగారు.

"లేదు బాబాయ్," అన్నాను. అక్కడ ఒక రాష్ట్రం నేలలోంచి కొత్త రాష్ట్రం పుట్టాలంటే కాంగ్రెస్‌తో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. మసాచుసెట్స్ ఒప్పుకున్న తర్వాతే 1820లో మెయిన్ వేరుపడింది.

మన రాజ్యాంగం మూడో అధికరణ రాష్ట్రాన్ని అభిప్రాయం మాత్రమే అడుగుతుంది. 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. మూడు వారాలు తిరిగేసరికి పార్లమెంటు ఉభయ సభలూ దాన్ని ఆమోదించాయి. చట్టప్రకారం అందులో తప్పు లేదు. నన్ను బాధించేది ఆ చట్టమే. పోలీసునో వ్యవసాయాన్నో ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా నుంచి తొలగించాలంటే పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, సగం రాష్ట్రాల సమ్మతి కావాలి. రాష్ట్రాన్నే ముక్కలు చేయడానికి మాత్రం మామూలు మెజారిటీ చాలు! అది రాజ్యాంగ సవరణ కిందికే రాదని నాలుగో అధికరణ చెబుతుంది.

అలాగని అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుందామని నేను అనను. శాసనసభ ఒప్పుకుంటేనే అనే నియమం ఉంటే, సభలో సంఖ్య తక్కువైన ప్రాంతం ఎన్నటికీ విడిపోలేదు. తెలంగాణ వారి కోరిక అక్కడే ఆగిపోయేది. మదరాసులో మన పెద్దలకూ అదే గతి పట్టేది. పొట్టి శ్రీరాములు ప్రాణాలిచ్చాక 1953లో వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు, హైకోర్టు ఈ గుంటూరులోనే. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయి గొంతులో ఇప్పటికీ గర్వం పలుకుతుంది.

నేను కోరేది ఇది. తుది నిర్ణయం పార్లమెంటుదే కానివ్వండి, కానీ మూడింట రెండొంతుల మెజారిటీతో కానివ్వండి. శాసనసభ కాదంటే, ఆ అభ్యంతరాల్లో ఒక్కొక్కదానికీ కేంద్రం రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆస్తులు, అప్పులు, నీళ్ల పంపకం బిల్లు దశలోనే తేలాలి. కృష్ణా నీళ్ల తగవు ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. ప్రకాశం బ్యారేజీ కింద నారుమడి పోసుకునే రైతు తన వంతు నీళ్లెన్నో తెలియకుండానే ప్రతి ఏడూ విత్తనాలు చల్లుతున్నాడు.