సెరెబ్లాన్ గారికి ఒక పోస్ట్‌డాక్ అర్జీ

మహారాజశ్రీ సెరెబ్లాన్ గారి సముఖానికి,

మూడో క్రోమోజోమ్ పొట్టి భుజం సొంతూరుగా, 442 అమైనో ఆమ్లాల నిండు విగ్రహంతో వెలుగొందుతున్న ప్రోటీన్ అయిన తమరికి, పీహెచ్‌డీ తర్వాత కాంట్రాక్టు మీద పరిశోధన చేసే ఒక పోస్ట్‌డాక్ నమస్కరించి మనవి చేసుకునేది ఏమనగా:

తమరి గది ముందు వరుస మరీ పెరిగిపోయింది. ఏ ప్రోటీన్ ఉండాలో, ఏది పోవాలో తేల్చే ఈ3 లైగేజులనే అధికారులు మనిషి కణంలో 600 మందికి పైగా ఉన్నారు. ప్రోటీన్లను పనిగట్టుకుని మాయం చేయించాలనుకునే మా పరిశోధకుల ఫైళ్ళు మాత్రం దాదాపు ఎప్పుడూ రెండు బల్లల మీదికే వెళ్తాయి. ఒకటి మీది, రెండోది వీహెచ్‌ఎల్ గారిది. మిగతావాళ్ళు సెలవులో లేరు, రాత్రింబగళ్ళు పనిచేస్తూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది తలుపు తెరవగల చిన్న అణువులు మా దగ్గర లేవు, అంతే. మీ తలుపు తెరిచేది మాత్రం 1950ల్లోనే మందుల దుకాణంలో అమ్మకానికి వచ్చింది.

మీ కార్యాలయ పద్ధతి తెలియని పాఠకులకు రెండు మాటలు. పాడైన లేదా పని ముగిసిన ప్రోటీన్ మీద యుబిక్విటిన్ అనే ముద్ర పడుతుంది. ఆ ముద్ర కూడా 76 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీనే. ఒక్కటి పడితే సాధారణంగా చాలదు, ముద్ర మీద ముద్ర గొలుసుగా పడాలి. అప్పుడు ప్రోటియాజోమ్ అనే కణ యంత్రం ఆ ప్రోటీన్‌ను లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఈ వ్యవస్థను బయటపెట్టినందుకు సీచనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఇక్కడ ఒక మాట మీ ముఖం మీదే చెప్పాలి. ముద్ర వేసేది మీరు కాదు. కల్4, డీడీబీ1 వంటి తోటి ప్రోటీన్ల సిబ్బంది ముందు కూర్చుని ఎవరిని లోపలికి పంపాలో చెప్పేది మాత్రమే మీరు. అయినా కార్యాలయం మొత్తం మీ పేరుతోనే చలామణి అవుతోంది. ఈ విద్య మా శాఖలో చాలామందికి తెలుసు.

మనకు గిట్టని ప్రోటీన్‌ను ముద్ర వేసేవారి దగ్గరికి మనమే ఎందుకు లాక్కెళ్ళకూడదు? 2001లో క్రూస్, దెషేస్ బృందాలు ఈ పని చేసి చూపించాయి. వాళ్ళ అణువుకు ప్రోటాక్ అని పేరు పెట్టారు. అప్పుడు వాళ్ళు ఆశ్రయించింది వేరే అధికారిని. మీరు ఉన్నారన్న సంగతి అప్పటికి ఎవరికీ పట్టలేదు. ప్రోటాక్ అంటే అసలు సిసలు పైరవీకారు. ఒక చేత్తో మీ చొక్కా అంచు పట్టుకుంటాడు, రెండో చేత్తో బాధితుణ్ణి పట్టుకుంటాడు, ఇద్దరినీ దగ్గరికి చేరుస్తాడు. ముద్ర పడగానే చేయి వదిలేసి ఇంకో బాధితుడి కోసం బయలుదేరతాడు. అందుకే కొద్దిమంది పైరవీకార్లు చాలామంది ప్రోటీన్ల అంతు చూడగలరు.

కొద్దిమంది అన్నానా? ఎక్కువైతే ఏమవుతుందో నిన్న రాత్రి చీకటి గదిలో చూశాను. బాధిత ప్రోటీన్ ఎంత మిగిలిందో గీతల రూపంలో చూపే బ్లాట్ మీద అయిదు గడులు. మందు లేనిది ఒకటి, తర్వాత మందు గాఢత 10 నానోమోలార్, 100, వెయ్యి, పదివేలు. మొదటి గడిలో దట్టమైన నల్లటి గీత. రెండో దానిలో సన్నబడింది. మూడో గడిలో శుభ్రంగా ఏమీ లేదు. నాలుగో గడిలో మసకగా తిరిగి వచ్చింది. అయిదో గడిలో ఏమీ జరగనట్టు దర్జాగా కూర్చుంది. కింద, పోలిక కోసం చూసే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ గీత అన్ని గడుల్లోనూ ఒకే తీరుగా ఉంది కనుక నెపం పిపెట్ మీదికి నెట్టే వీలు కూడా లేదు. దీన్ని మా వాళ్ళు హుక్ ఎఫెక్ట్ అంటారు. పైరవీకార్లు మితిమీరితే ఒకడు మిమ్మల్ని పట్టుకుని నిలబడతాడు, ఇంకొకడు బాధితుణ్ణి పట్టుకుని నిలబడతాడు, మీ ఇద్దరూ మాత్రం ఎదురుపడరు. డోసు పెంచితే పని త్వరగా అవుతుందనుకునే మంత్రులకు ఈ బ్లాట్‌ను పటం కట్టించి ఇవ్వాలని ఉంది.

మీ గతం గురించి రాసేటప్పుడు మాత్రం వేళాకోళం పక్కన పెట్టాలి. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు అమ్మకానికి వచ్చింది. గర్భిణుల వేవిళ్ళకూ వాడారు. 1961 నవంబరులో అక్కడ వెనక్కి తీసుకున్నారు. దాని వల్ల ఎన్నో దేశాల్లో పదివేల మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అధికారిణి ఫ్రాన్సిస్ కెల్సీ, సరైన ఆధారాలు చూపేదాకా అనుమతి ఇవ్వనని ఆ ఫైలును ఆపేసింది. ఫైలు కదలకపోవడం వల్ల జనం బతికిన అరుదైన సందర్భం అది. ఆ మందు కణంలో ఎవరిని పట్టుకుంటుందో తెలియడానికి మాత్రం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్‌లో ఇటో, హాండా బృందం పట్టుకున్నది మిమ్మల్నే. ఎలుకలను అడిగితే ఈ నిజం చెప్పేవి కావు. మనిషిలో మీ 388వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉంటే, ఎలుకలో అదే చోట ఐసోల్యూసిన్ ఉంది. ఆ ఒక్క తేడాతో ఎలుక సెరెబ్లాన్ ఈ మందు మాట పెద్దగా వినదు.

తర్వాత మీ దశ తిరిగింది. థాలిడోమైడ్ తమ్ముడు లెనలిడోమైడ్ మిమ్మల్ని అడ్డం పెట్టుకుని ఐకేజెడ్‌ఎఫ్1, ఐకేజెడ్‌ఎఫ్3 అనే రెండు ప్రోటీన్లను చంపిస్తుందని, మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగులకు మేలు చేసేది అదేనని 2014లో తేలింది. ఈ ఒక్క మందు 2021లో 1,200 కోట్ల డాలర్లకు పైగా అమ్ముడైంది. 2022లో దాని జెనరిక్ రూపం అమెరికా మార్కెట్లోకి వెళ్ళినప్పుడు అందులో హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో చేయి కూడా ఉంది. కాబట్టి తమరితో మావాళ్ళకు చుట్టరికం లేదనకండి.

ఇక నా గోడు. పదవిలో చేరిన కొత్తలో, 600 మందిలో ఇంకెవరినైనా కదిలించే అణువు వెతుకుతానని ప్రతిపాదన రాశాను. అది మరీ సాహసమని, నీ కాంట్రాక్టు గడువులోగా తేలదని, ముందు సెరెబ్లాన్‌తో ఏదైనా చేసి చూపించమని సలహా వచ్చింది. చేసి చూపించాను. పేపరు పంపితే రివ్యూయర్ అడిగిన మొదటి ప్రశ్న: ఇందులో కొత్తదనం ఏమిటి? సలహా ఇచ్చిన నోరు, ప్రశ్న అడిగిన నోరు వేరువేరు మనుషులవే అనుకుంటున్నాను. రుజువు లేదు. పైగా ఎవరు ఏ కొత్త పద్ధతి కనిపెట్టినా మొదట బలిపీఠం ఎక్కేది బీఆర్‌డీ4 అనే ప్రోటీనే. ఏ తాడు కట్టినా అది వెంటనే పడిపోతుంది. అంత మర్యాదస్తుణ్ణి కూలగొట్టి శక్తి నిరూపించుకోవడంలో ఘనత ఏముందో ఎవరూ అడగరు. నేనూ అడగను, నా పేపరు రెండో బొమ్మలో ఉన్నది అదే కనుక.

మీ తలుపు తెరిచే తాళంచెవిలోని లోపాలు కూడా మనవి చేస్తాను. కణాలు పెరిగే ద్రవంలో థాలిడోమైడ్ జాతి అణువులు కొన్ని గంటల్లోనే నీటితో కలిసి విచ్చుకుపోతుంటాయి. మధ్యాహ్నం వేసిన మందు రాత్రికి ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. అంతకంటే పెద్ద సమస్య మీ చేతివాటం. అడిగిన ప్రోటీన్‌తో పాటు అడగని జీఎస్‌పీటీ1 అనే ప్రోటీన్‌నూ ఒక్కోసారి లోపలికి పంపేస్తారు. అది పోతే ప్రోటీన్ల తయారీయే కుంటుపడుతుంది. అప్పుడు తక్కువ ఆయుష్షున్న ప్రోటీన్లన్నీ తమంతట తామే కనుమరుగవుతాయి. గీత మాయమైందని మిఠాయిలు పంచిన ల్యాబులకు నెల తర్వాత ఆ మిఠాయి చేదెక్కుతుంది. మరో సంగతి, మీరు లేకపోయినా చాలా కణాలు హాయిగా బతుకుతాయి. అందుకే మైలోమా కణాలు మందు తట్టుకోవడానికి ఏకంగా మిమ్మల్నే వదిలించుకుంటాయి. ఇంత డిమాండు ఉన్న అధికారి కార్యాలయానికి అత్యవసరం కాకపోవడం మీ ఒక్కరి విషయంలోనే జరగలేదు లెండి.

మీ దగ్గర ఉచితంగా ఏదీ జరగదు. యుబిక్విటిన్‌ను సిద్ధం చేయడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ కావాలి, ప్రోటియాజోమ్ తిరగడానికీ ఏటీపీ కావాలి. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో ఆ పని చేశారు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. పోస్ట్‌డాక్‌లు పటం పెట్టుకోవాలనుకుంటే ఎవరి పటం పెట్టుకోవాలో నాకు సందేహం లేదు.

కావున తమరు దయతలచి, గురువారం ల్యాబ్ మీటింగు లోపల నేను అడిగిన ప్రోటీన్‌ను మాత్రమే పంపించి, జీఎస్‌పీటీ1 జోలికి పోకుండా ఉండవలసిందిగా ప్రార్థన. అది వీలుకాకపోతే ఆ 600 మందిలో కాస్త ఖాళీగా ఉన్న ఒక్కరి తలుపు ఎటు తెరుచుకుంటుందో చెప్పినా చాలు. కాంట్రాక్టు పొడిగింపు కాగితం మీద సంతకం చేయాల్సినవాళ్ళను నేను విడిగా కలుస్తాను.

ఇట్లు,
తమ విధేయ పోస్ట్‌డాక్

జతపరచినవి: అయిదు గడుల బ్లాట్ ఒకటి. ప్రోటియాజోమ్‌ను ఆపే ఎంజీ132 కలిపిన కంట్రోలు వేరే కాగితం మీద ఉంది. రివ్యూయర్ తప్పక అడుగుతారు, దయచేసి పోగొట్టవద్దు.