జేబు నిఘంటువు గారికి, రేవు నుంచి

మహారాజశ్రీ ఇంగ్లీషు–స్పానిష్ జేబు నిఘంటువు గారికి,

ఉభయకుశలోపరి. తమరి పుణ్యమా అని ఈ మధ్యాహ్నం ఒక ఓడ ప్రమాద నివేదికను మొదటి పేజీ నుంచి మళ్ళీ స్పానిష్‌లోకి మార్చాల్సి వచ్చింది. తమరి ‘పైలట్’ వల్లే. ‘పిలోతో’ అని ఒక్క మాట రాసి చేతులు దులిపేసుకున్నారు.

అయ్యా, రేవు దగ్గరికొచ్చిన ఓడ ఎక్కేది పిలోతో కాదు, ‘ప్రాక్తికో’. ఆ రేవులో ఇసుక మేట ఎక్కడుందో, పోటు ఏ వేళకి ఎటు లాగుతుందో ఎరిగినవాడు. చిన్న బోటులో ఎదురెళ్ళి, ఓడ పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన ఎక్కుతాడు. నీటి నుంచి ఎక్కే చోటు 9 మీటర్లు దాటితే దానికి మెట్ల నిచ్చెన కూడా జతచెయ్యాలని సోలాస్ (ఓడల భద్రతకి అంతర్జాతీయ ఒప్పందం) నియమం. ఆయన ఓడలో ఉన్నంతసేపూ తెలుపు, ఎరుపు ‘హెచ్’ జెండా ఎగురుతుంది. దారి ఆయన చెప్తాడు, బాధ్యత మాత్రం కెప్టెన్‌దే. ఆ పనిని ‘ప్రాక్తికాహే’ అంటారు.

మరి స్పెయిన్ వాణిజ్య నౌకల్లో పిలోతో ఎవరు? పట్టా పుచ్చుకున్న డెక్ ఆఫీసరు, అంటే మేట్. బయల్దేరినప్పటి నుంచి ఓడలోనే ఉంటాడు. తమరిని నమ్మి ‘పిలోతో మార్గదర్శకత్వంలో ఓడ గట్టుకి కొట్టుకుంది’ అని రాస్తే తప్పు ఎవరి నెత్తిన పడుతుంది? తన వంతు డ్యూటీ ముగించుకుని క్యాబిన్‌లో నిద్రపోతున్న మేట్ నెత్తిన! బీమావాళ్ళూ లాయర్లూ చదివే కాగితమండీ అది.

ఇదేమైనా కొత్తగా పుట్టిన తేడానా? స్పెయిన్‌లోని సెవిల్యాలో 1503లో సముద్ర వర్తకం చూసుకోడానికి పెట్టిన కచేరీ కాసా దె కొంత్రతాసియోన్‌కి 1508లో తొలి ‘పిలోతో మయోర్’, అంటే పిలోతోల పెద్ద, అయింది అమెరిగో వెస్పూచీ. మహాసముద్రం దాటించేవాళ్ళకి పరీక్షలు పెట్టడం, పటాలు సరిచూడటం ఆయన ఉద్యోగం. ఓడల్ని రేవులోకి తెచ్చి కట్టించడం కాదు. (మెక్సికోలో ‘పిలోతో దె పువెర్తో’ అనే మాట ఉంది, కాదనను. అందుకే ముందు ఏ దేశమో అడగాలి.)

తమరి మిగతా ఘనకార్యాలు కూడా తక్కువేం కాదు. సెయిలర్ అన్న ప్రతివాడూ తమరికి ‘మరినేరో’నే. నౌకాదళ అధికారిని అలా పిలిచి చూడండి, ఆయన ‘మరీనో’. మరినేరో అంటే కళాసీ. మన తీరంలో సరంగుని కళాసీ అంటే ఊరుకుంటాడా? స్పానిష్ సరంగు ‘కొంత్రమాయెస్త్రే’. పడవ పందేల్లో తెరచాప పట్టేవాడు ‘రెగాతిస్తా’. చేపల బోటు తండేలు ‘పత్రోన్’. ‘కపితాన్ దె కొర్బేతా’ది కెప్టెన్ హోదా కాదు, లెఫ్టినెంట్ కమాండర్ హోదా. ట్యాంకర్‌లో పంపులు చూసేవాడు ‘బొంబేరో’. తమరి వెనక సగంలో ఆ మాటకి మంటలార్పేవాడనే ఒక్క అర్థమే ఉంది కాబట్టి, తమరి లెక్కన ప్రతి ట్యాంకర్‌కీ ఒక ఫైరింజను మనిషి!

ఇక మర్యాదలు చాలు. పైలట్ దగ్గర ఇంకో వరుస వెయ్యి. రేవు, ప్రాక్తికో. ఓడ మేట్, పిలోతో. అంతే. చోటు లేదని బుకాయించకు. అదే పేజీలో కాస్త కింద పైనాపిల్‌కి స్పెయిన్‌లో ‘పీన్యా’, అర్జెంటీనాలో ‘అననా’ అని దేశాలవారీగా విడమరిచావు కదా!

ఇట్లు,
నిన్ను డబ్బిచ్చి కొన్న పాపానికి,
ఒక అనువాదకుడు