కొక్కేనికో శాలువా

దళారీలను ఇన్నాళ్లూ తిట్టిన ఈ నోటితోనే, ఒక దళారీకి వెంటనే శాలువా కప్పి సన్మానం చెయ్యాలని డిమాండ్ చేస్తున్నాను. ఆ దళారీ పేరు రాపిడి.

మా బావకి రాతిగుండ్లెక్కే పిచ్చి. ఆదివారం వస్తే చాలు, తిరుపతి నుంచి చంద్రగిరి దాటించి, ఒక మామిడితోట వెనకున్న గుండు దగ్గరికి నన్ను లాక్కెళ్తాడు. నా నడుముకి హార్నెస్ అనే పట్టీ బిగించి, "నువ్వేం చేసే పని లేదురా, తాడు పట్టుకోని నిలబడితే చాలు" అంటాడు. ఈ నిలబడే ఉద్యోగం పేరు బిలే. తాడు నా దగ్గర మొదలై, గుండు కొసనున్న కారబైనర్ అనే కొక్కెంలోంచి తిరిగి, బావ నడుముకి దిగుతుంది. బావ బరువు 82 కిలోలు, నాది 54. బావిలో నీళ్లు చేదినవాళ్లకి లెక్క చెప్పక్కర్లేదు. బావ కాలు జారి వేలాడితే నేను లేవాలి. లేవలేదు.

ఎందుకంటే తాడు కొక్కేన్ని ఒరుసుకుంటుంది. నూటికి దాదాపు నలభై అక్కడే హారతి కర్పూరం. 82లో నాకు చేరింది 49. ఆ అయిదు కిలోల తేడా దయవల్లే నా చెప్పులు నేలమీద ఉన్నాయి. నూటికి నలభై మింగినవాడి మీద ఎక్కడైనా అర్జీ పెడతాం. ఇక్కడ పెట్టాలంటే నేను గాల్లోంచి సంతకం చెయ్యాలి. పైగా ఈ దళారీ తినేసి తప్పుకునే రకం కాదు. ఇటు 82, అటు 49, కలిపి 131 కిలోలు ఆ కొక్కెమే మోస్తుంది.

ఈ లెక్కకి 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ పేరు చెబుతారు. తాడు ఎంత చుట్టు తిరిగిందన్నదే ముఖ్యం, కడ్డీ లావుతో పనిలేదట. మన ఊళ్లలో ఇది పిల్లోడికీ తెలుసు. తెంచుకోబోయే ఎద్దు పగ్గాన్ని గుంజకి మూడు చుట్లు వేసి, వేళ్లతో పట్టుకుని నిలబడతాడు. కొక్కెం మీదున్నది అరచుట్టే. అరచుట్టుకి అరవై మిగిలితే, అదే రాపిడితో మూడు చుట్లకి నూటికి అయిదు కూడా మిగలదు.

అలాగని రాపిడి ఎక్కువైనా తంటానే. ఒకరోజు బావ తాడుని అడ్డదిడ్డంగా నాలుగు కొక్కేల్లో తగిలించుకుంటూ ఎక్కి జారాడు. నాకు దోమ కుట్టినట్టు కూడా లేదు. వంకరల్లో ఇరుక్కున్న తాడు కిందిదాకా సాగలేదు. సాగనందువల్ల కుదుపంతా పై కొక్కేనికీ బావ నడుముకీ పోయింది. "బాగా పట్టావురా" అన్నాడు మూలుగుతూ. మొహమాటపడకుండా ఒప్పుకున్నాను.

అప్పట్నుంచి బావకి రాపిడంటే పగ. కొక్కెం తీసేసి, దాని చోట బేరింగులున్న గిలక పెట్టాడు. "తాడు లాగితే వెన్నలా రావాల" అన్నాడు. నూటికి తొంభై కిందికి పంపే సరుకు. అంటే నాకు 74 కిలోలు. ఈ మాట చెప్పబోయేలోపే బావ పైకి చేరి, బరువంతా తాడు మీద వేసి వేలాడాడు.

సగం దారిలో ఎదురుపడ్డాం.

"తాడు వదలొద్దురా!" అంటూ కిందికి పోయాడు.

వదల్లేదు. కాసేపటికి గిలకని దగ్గర్నుంచి చూసే అవకాశం కూడా దొరికింది. నిజంగానే చాలా నున్నగా ఉంది.